తొండవాడ నుంచి తూపిలిపాలెం దాకా: మోటర్‌హోమ్‌లో మూడు రాత్రులు, సలహాలు కావాలి

తొండవాడ వాసి · జనవరి 4, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి దగ్గర తొండవాడ. మా అగస్తీశ్వరస్వామి గుడి దగ్గరే భీమా, కల్యాణి వచ్చి స్వర్ణముఖిలో కలుస్తాయి. ఏటా ముక్కోటికి ఆ నీళ్లలో దిగి పెరిగినవాణ్ని. మొన్న మా చిన్నది అడిగింది, ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి నాన్నా అని. శ్రీకాళహస్తి, నాయుడుపేట, వాకాడు, ఆ తర్వాత సముద్రం అని చెప్పాను. "నువ్వు చూశావా?" అంది. చూడలేదు. 46 ఏళ్లొచ్చినా ఆ నది సముద్రంలో కలిసే వైపు ఒక్కసారీ పోలేదు.

అందుకే పండగ అయ్యాక నది వెంట తూపిలిపాలెం దాకా పోదామని అనుకున్నాం. దారిలో నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు కూడా. మేమిద్దరం, పిల్లలిద్దరు, మా అమ్మ. అమ్మకు 68. మోకాళ్ల నొప్పులు, షుగర్. గంటకోసారి బాత్రూమ్ కావాలి. ఈ భయంతోనే ఆమె ఐదేళ్లుగా ఏ ప్రయాణానికీ ఒప్పుకోలేదు. లోపలే పడక, టాయ్‌లెట్ ఉన్న బండి అంటే మొదటిసారి సరే అంది. బెంగళూరు నుంచి ఒక మోటర్‌హోమ్ అద్దెకు మాట్లాడాను. టెంపో ట్రావెలర్ మీద కట్టింది, ఐదుగురు పడుకోవచ్చు.

నాకు కారు తప్ప ఇంత పెద్ద బండి అలవాటు లేదు. ఎక్కడ ఆపాలి, కరెంటు, నీళ్లు ఎలా, పక్షులు ఏ వేళకు కనబడతాయి, సముద్రం పక్కన రాత్రి ఉండొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

డీజిల్ అన్న (పాకాల) · జనవరి 4, రాత్రి 10:25

తమ్ముడూ, అమ్మ కోసం బండి తీసుకుంటున్నావు, అది చాలా మంచి పని. బండి సంగతి నేను చెబుతాను, పక్షుల సంగతి మన టీచరమ్మ చెబుతుంది.

ముందు ఎత్తు. పైన ఏసీ డబ్బా ఉంటే నేల నుంచి మొత్తం ఎంతో టేపు పెట్టి కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అతికించు. ఊళ్లలో చింతకొమ్మలు, గుడి కమానులు, కిందకి వేలాడే వైర్లు ఉంటాయి. కారు తోలినవాడికి తల పైన ఏముందో చూసే అలవాటు ఉండదు. అనుమానం వస్తే ఎవరో ఒకరు దిగి చూడాల్సిందే.

ఇంక కరెంటు. అద్దెకిచ్చేవాళ్లు "ఏసీ ఉంది సార్" అంటారు. బ్యాటరీ ఎంత అని అడుగు. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ అయితే అందులో ఉండేది సుమారు 2,400 వాట్ అవర్లు. ఒక టన్ను ఏసీ గంటకు వెయ్యి, పన్నెండొందల వాట్ అవర్లు లాగుతుంది. అంటే రెండు గంటల్లో బ్యాటరీ ఖాళీ, ఆ తర్వాత ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. అమ్మ ఇన్సులిన్ వాడుతుంటే ఆ ఫ్రిజ్జే నీకు ముఖ్యం. బయట నుంచి కరెంటు తీసుకునే చోటు ఉంటేనే ఏసీ వేసుకో. జనవరిలో సముద్రం పక్కన ఏసీ అక్కర్లేదు కూడా. కిటికీలకు దోమతెరలు సరిగ్గా ఉన్నాయా, 12 వోల్టుల ఫ్యాన్లు తిరుగుతున్నాయా, అవి చూసుకో.

ఇసుక గురించి ఒక్క మాట. ఈ బండి బరువు వెనక చక్రాల మీదే ఉంటుంది. తారు రోడ్డు అంచు దాటించొద్దు.

పీలేరు టీచరమ్మ · జనవరి 5, ఉదయం 6:15

తొండవాడ బాబూ, మంచి నెలలో పోతున్నావు. మన తూర్పు తీరానికి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. కాళంగి, ఆరణి నదుల నీళ్లొచ్చి పులికాట్ నిండుతుంది. జనవరికి ఆ నీళ్లు కొంచెం తగ్గి చాలాచోట్ల మోకాలి లోతుకు వస్తాయి. ఫ్లెమింగోకు కావలసింది సరిగ్గా ఆ లోతే. పొడుగు కాళ్లతో నిలబడి, తల కిందకి వంచి, ముక్కును తిరగేసి నీళ్లలో పెట్టి బురద వడకడుతుంది. మన వంటింట్లో పిండి జల్లెడ పట్టినట్టే. అందులో దొరికే చిన్న రొయ్యల్లాంటి జీవులు, నాచు తింటుంది. ఆ తిండిలోని రంగే రెక్కలకు ఎక్కి గులాబీ అవుతుంది. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి, అవి వేరే పక్షులనుకోవద్దని నీ పిల్లలకు చెప్పు. పులికాట్‌లో వాటికి తిండి మాత్రమే. గూళ్లు పెట్టేది గుజరాత్ కచ్ రణ్ వైపు.

నేలపట్టు కథ వేరు. అక్కడ గూడబాతులు (పెలికాన్లు) పిల్లల్ని పెంచుతాయి. దొరవారిసత్రం మండలం, హైవే నుంచి దగ్గరే. 1976లో పక్షుల కేంద్రంగా ప్రకటించారు, 458 హెక్టార్ల పైచిలుకు. చెరువులో నీళ్లలోనే పెరిగే కడప చెట్లు ఉంటాయి. వాటి కొమ్మల మీద గూడబాతులు, గుల్లకొంగలు, నల్లతల కంకణాలు, నీటికాకులు అంతస్తుల్లా కాపురం పెడతాయి. జనవరిలో పోతే గూళ్లలో పిల్లలుంటాయి. తల్లి నోరు తెరిస్తే, ఆ సంచిలోకి పిల్ల తల మొత్తం దూర్చి చేప తింటుంది. నేను ముప్పై ఏళ్లలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, అయినా ప్రతిసారీ కళ్లు చెమ్మగిల్లుతాయి.

ఆ చెరువు నీళ్లను కింద పొలాలకు వాడతారు. పక్షుల రెట్టలు కలిసిన నీళ్లు కాబట్టి పైరుకు బలం. ఆ ఊరివాళ్లు పక్షుల్ని తమ ఇంటివాటిలా చూసుకోవడానికి అది కూడా ఒక కారణం.

బైనాక్యులర్స్ కొనేటట్టయితే 8×42 చాలు. అంతకంటే పెద్దది తీసుకుంటే పిల్లల చేతుల్లో వణుకుతుంది. తెల్లబట్టలు వద్దు. సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా నేలపట్టు, తెల్లవారుజాము సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు. ఆ రోడ్డు సరస్సు మధ్య నుంచే పోతుంది, రెండు పక్కలా పక్షులే.

తడ కుర్రోడు · జనవరి 5, మధ్యాహ్నం 1:40

శ్రీహరికోట రోడ్డు గురించి ఒక జాగ్రత్త అన్నా. అది షార్‌కు, అంటే ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రానికి పోయే రోడ్డు. చెక్‌పోస్టు దాటి అనుమతి లేకుండా పోనివ్వరు. రాత్రి ఆ రోడ్డు మీద బండి ఆపుకుని పడుకుందామని అనుకోవద్దు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజైతే రోడ్డు నిండిపోతుంది, తేదీ చూసుకుని రండి. డ్రోన్ ఉంటే ఇంట్లోనే పెట్టి రండి. అటు షార్, ఇటు పక్షులు, రెండు చోట్లా ఒప్పుకోరు.

మావాళ్లు సరస్సులో వల వేస్తుంటే దగ్గరికి పోయి ఫోటోలు తీసేముందు ఒక్కమాట అడగండి. పులికాట్‌లో ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో పాడు పద్ధతి అని ఉంది, వంతుల లెక్క. ఒక మనిషికి తన వంతు మళ్లీ రావడానికి రోజులు పడుతుంది. ఆ రోజు చేపలు బెదిరిపోతే ఆ ఇంటికి నష్టం.

పిల్లలకు పడవ ఎక్కించాలంటే తడ దగ్గర భీమునివారిపాళెం రండి.

పలమనేరు రైడర్ · జనవరి 5, రాత్రి 8:05

అన్నా, ఇంత ఆలోచన ఎందుకు? మేము ఆరుగురం పోయినేడు జీపుల్లో తూపిలిపాలెం పక్క బీచ్‌లో అలల అంచునే టెంట్లు వేశాం. చలిమంట, పాటలు, ఎల్ఈడీ లైట్లు. ఎవరూ ఏమీ అనలేదు. బండిని నీళ్లకు ఎదురుగా పెట్టుకుని తలుపు తీస్తే సముద్రం. మోటర్‌హోమ్ తీసుకునేదే దానికోసం కదా. రెండు చెక్క పలకలు తెచ్చుకుంటే ఇసుకలో ఇబ్బంది ఉండదు.

గూడబాతు (తిరుపతి) · జనవరి 5, రాత్రి 9:30

రైడర్ తమ్ముడూ, కోపంతో చెప్పడం లేదు, కానీ దయచేసి అలా చేయొద్దు. తొండవాడ అన్నా, మీరు కూడా ఇది పూర్తిగా చదవండి.

జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూటే వస్తాయి. 40, 45 కిలోల జంతువు, నీళ్లలో హాయిగా ఈదేది, ఇసుక మీద ఒక్కో అడుగుకూ ఆగి ఊపిరి తీసుకుంటూ పైకి పాకుతుంది. తీరం మీద వెలుగు కనబడినా, మనుషుల అలికిడి విన్నా గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. వెనక కాళ్లతో మూరెడు పైన లోతు గొయ్యి తవ్వి వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపి చదును చేసి పోతుంది. పైన చూస్తే ఏమీ తెలియదు. మీ జీపు చక్రాలు పోయిన ఇసుక కింద గూడు ఉందో లేదో మీకు తెలిసే మార్గమే లేదు.

45 నుంచి 60 రోజులకు పిల్లలు వస్తాయి. చీకట్లో వచ్చి ఎటు ఎక్కువ వెలుగుంటే అటు నడుస్తాయి. మామూలుగా అయితే ఆ వెలుగు సముద్రం మీద ఆకాశానిదే. ఎల్ఈడీ దండ కడితే పిల్లలన్నీ దానివైపే వస్తాయి. తెల్లారేసరికి కుక్కలు, కాకులు, నక్కలు. ఎవరూ ఏమీ అనలేదన్నావు. అనాల్సినవాటికి నోరు లేదు తమ్ముడూ.

1972 వన్యప్రాణి చట్టంలో పులికి ఎంత రక్షణ ఉందో ఈ తాబేలుకూ అంతే, రెండూ మొదటి షెడ్యూల్‌లోనే ఉన్నాయి.

పలమనేరు రైడర్ · జనవరి 5, రాత్రి 10:15

నిజంగా తెలియదు అక్కా. అయితే తాబేళ్లను చంపేది ట్రాలర్లు కదా? ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్లను మేమే చూశాం. అంత పెద్ద వలలను వదిలేసి మా చలిమంటను అంటే ఎలా?

తడ కుర్రోడు · జనవరి 5, రాత్రి 10:50

ట్రాలర్ వలలో చిక్కితే చస్తాయి, అది నిజం. తాబేలు నీళ్లపైకి వచ్చి ఊపిరి పీల్చుకోవాలి. వలలో ఇరుక్కుంటే పైకి రాలేక ఊపిరాడక పోతుంది. తాబేలు బయటపడే కంత ఉండే పరికరం వలకు బిగించాలని రూలుంది, అందరూ బిగించరు. దానివల్ల కొంత చేప కూడా పోతుందని వాళ్ల భయం. చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం చాలావరకు దానికి ముందే అయిపోతుంది. ఇది మా ఇళ్లల్లో కూడా గొడవలయ్యే విషయం.

అయితే అన్నా, వలలు తప్పించుకుని ఒడ్డు దాకా వచ్చింది అంటే అది అప్పటికే ఎన్నో గండాలు దాటినట్టు. ఆ చివరి యాభై అడుగులు మన చేతుల్లో ఉంది.

తొండవాడ వాసి · జనవరి 6, ఉదయం 7:00

గూడబాతు మేడం, ఈ పోస్టు రాత్రి ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. సముద్రానికి ఎదురుగా బండి పెట్టాలనే నాకూ ఉండింది, దాచడం ఎందుకు. ఇప్పుడు ఆ ఆలోచన మానుకున్నాం. అయితే ఎక్కడ ఉండాలి? తాబేలును చూసే అవకాశం పిల్లలకు ఉందా, లేక అది కూడా తప్పేనా?

గూడబాతు (తిరుపతి) · జనవరి 6, ఉదయం 8:20

ఊరిలోపల, లేదా ఊరి వెనక సరుగుడు తోటల్లో, ఒడ్డుకు కనీసం అర కిలోమీటరు లోపలికి ఆపుకోండి. తోట యజమానిని అడిగి, గట్టి నేల చూసుకుని. సముద్రం వైపు కిటికీలకు తెరలు వేయండి, బయటి లైట్లన్నీ ఆపేయండి.

చూడొచ్చు, కానీ సొంతంగా పోవద్దు. అటవీ శాఖ తరఫున రాత్రిళ్లు తీరం వెంట నడిచి గుడ్లు కాపాడే మత్స్యకార యువకులు ఉంటారు. ముందుగా రేంజ్ ఆఫీసులో అడిగి వాళ్ల వెంట నడవండి. టార్చికి ఎర్ర కాగితం రెండు పొరలు చుట్టండి, అది కూడా నేలకే. తాబేలు పైకి వస్తున్నప్పుడు ముందుకు పోకూడదు. గుడ్లు పెట్టడం మొదలయ్యాక వెనకవైపు నుంచి, దూరంగా. ఫోన్ ఫ్లాష్ అసలు వద్దు.

డీజిల్ అన్న (పాకాల) · జనవరి 6, రాత్రి 9:45

ఒక్కటి మరిచాను. వంటగది, స్నానం నీళ్లు కింద ట్యాంకులో చేరతాయి. నిండితే కొందరు రోడ్డు పక్కనే వాల్వు తిప్పేస్తారు. అటు సరస్సు, ఇటు సముద్రం ఉన్న చోట సబ్బునీళ్లు వదలొద్దు. టాయ్‌లెట్ పెట్టె బయటికి లాగే రకమైతే బంకు వాళ్లనో హోటల్ వాళ్లనో అడిగి వాళ్ల టాయ్‌లెట్‌లో పోసి కడుక్కో. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు.

తిరిగి వచ్చాక బండి కింద భాగమంతా మంచినీళ్లతో కడిగించు. ఉప్పుగాలి బ్రేకు పైపులను, బోల్టులను తినేస్తుంది.

తొండవాడ వాసి · జనవరి 27, రాత్రి 8:30

వచ్చాం. మూడు రాత్రులు, నాలుగు పగళ్లు. మీరు లేకపోతే ఈ ప్రయాణం వేరేగా ఉండేది, అందుకే వివరంగా రాస్తాను.

మొదటి రోజు తొండవాడ గుడి దగ్గర చిన్నది ఒక సీసాలో నది నీళ్లు పట్టుకుంది. సముద్రంలో పోస్తానంది. రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తిలో దర్శనం. గుడి వెనక స్వర్ణముఖిలో ఇసుకే ఎక్కువ, నీళ్లు సన్నటి పాయ. మధ్యాహ్నం రోడ్డు పక్కన చెట్టు కింద ఆపి తిన్నాం. అమ్మ ఇంటి నుంచే చిత్రాన్నం, ఊరిబిండి కట్టుకొచ్చింది. బండిలో తనకంటూ పడక, చేతికందేంత దూరంలో బాత్రూమ్. నాయుడుపేట వచ్చేసరికి ఆమె ముఖమే మారిపోయింది. "ఇట్టాగయితే కాశీకైనా వస్తాను" అంది.

నాలుగున్నరకు నేలపట్టు. టీచరమ్మా, మీరు చెప్పినట్టే, గూడబాతు సంచిలోకి పిల్ల తల దూర్చడం చూశాం. టవర్ ఎక్కడం అమ్మకు కష్టం, కింద కట్ట మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆమెకే అందరికంటే ఎక్కువ కనబడ్డాయి. చీకటి పడే వేళ కొంగలు గుంపులు గుంపులుగా చెట్లకు చేరుతుంటే ఆ చప్పుడు మా ఊరి తిరునాళ్లలా ఉంది. ఆ రాత్రి హైవే మీద ఒక హోటల్ ఆవరణలో, భోజనం అక్కడే చేసి, అడిగి ఆపుకున్నాం.

రెండో రోజు తెల్లవారుజాము ఐదుకే సూళ్లూరుపేట దాటి సరస్సు రోడ్డు. మొదట ఏమీ కనబడలేదు, పొగమంచు. మెల్లగా వెలుగొచ్చేసరికి దూరంగా నీళ్ల మీద లేత గులాబీ గీత ఒకటి. బైనాక్యులర్స్‌లో చూస్తే ఆ గీతంతా కాళ్లు, మెడలు. పెద్దోడు లెక్కపెట్టడం మొదలుపెట్టి 300 దగ్గర ఆపేశాడు. ఒక గుంపు లేచినప్పుడు రెక్కల కింద ఎరుపు, నలుపు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. మేం ఐదుగురం చాలాసేపు మాట్లాడుకోలేదు. ఒక గరుడపక్షి మా బండి మీదుగానే పోయింది, అమ్మ చేతులెత్తి దండం పెట్టింది. ఆ రాత్రి మళ్లీ హోటల్ ఆవరణే.

మూడో రోజు మల్లాం మీదుగా వాకాడు. అక్కడ స్వర్ణముఖి మీద బ్యారేజీ ఉంది. శ్రీకాళహస్తిలో సన్నటి పాయగా చూసిన నదికి అక్కడ నీళ్లు నిలిచి ఉంటే పిల్లలు కేకలు పెట్టారు.

ఇంక తూపిలిపాలెం దగ్గర నేను చేసిన తప్పు. తోటలోకి తిరిగే చోట ఎదురుగా ఎడ్లబండి వస్తే దారి ఇద్దామని ఎడమ చక్రాలు రోడ్డు దించాను. వెనక చక్రం సగం దిగిపోయింది. కంగారులో యాక్సిలరేటర్ తొక్కాను, ఇంకా కూరుకుంది. అద్దెకిచ్చినవాళ్ల పెట్టె తెరిస్తే జాకీ ఉంది, దాన్ని తిప్పే కమ్మీ లేదు. అమ్మ లోపల, పిల్లలు ఏడుపు ముఖాలు, నాకు చెమటలు. చాలా టెన్షన్ పడ్డాను. పది నిమిషాల్లో ఊళ్లోంచి ఎనిమిది మంది వచ్చారు. ఒకాయన చక్రాల గాలి మూడోవంతు తీసేయమన్నారు, చక్రం ముందు ఇసుక చేతులతో తోడి తాటిమట్టలు పరిచారు. మొదటి గేరులో, యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కకుండా మెల్లగా అన్నారు. వచ్చేసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. డీజిల్ అన్నా, మీరు రోడ్డు అంచు దాటించొద్దన్నారు. బండి తీసుకునే ముందు పెట్టె తెరిచి ఒక్కో సామాను చూసుకోవాలని ఇది చదివే అందరికీ చెబుతున్నాను.

పీలేరు టీచరమ్మ · జనవరి 27, రాత్రి 9:05

అమ్మగారు టవర్ కింద కూర్చుని చూశారన్నావు, నాకెంత సంతోషమో. తాబేలు సంగతి చెప్పలేదేం బాబూ?

తొండవాడ వాసి · జనవరి 27, రాత్రి 10:40

అది విడిగా రాయాలనిపించింది.

రాత్రి పదకొండుకు కాపలా కుర్రాళ్లు ముగ్గురు వచ్చారు. అమ్మను రావద్దన్నాను, ఇసుకలో నడవలేదని. వినలేదు. ఒకపక్క నేను, ఒకపక్క పెద్దోడు పట్టుకున్నాం. గడ్డకట్టిన చీకటి. టార్చి కూడా ఆపేయమన్నారు, పది నిమిషాల్లో కళ్లు అలవాటు పడ్డాయి. అలల నురగ తెల్లగా కనబడసాగింది. ఒంటిగంట దాకా నడిచి, కూర్చుని, నడిచాం. ఏమీ లేదు. చిన్నది నా ఒళ్లో నిద్రపోయింది. నేను వెనక్కి పోదామని అనబోతుంటే ముందున్న కుర్రాడు చెయ్యెత్తాడు.

నీళ్ల అంచున నల్లటి రాయిలాంటిది. అది కదిలింది. ఆగింది. పెద్ద నిట్టూర్పు వినబడింది, మనిషి బరువు దించుకున్నప్పుడు వదిలే ఊపిరిలాంటిది. మళ్లీ నాలుగడుగులు. అలా పైకి రావడానికే పావుగంట పట్టింది. మేం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఇసుక తవ్వే చప్పుడు మాత్రమే. గుడ్లు మొదలయ్యాక కుర్రాడు సైగ చేస్తే వెనక నుంచి ఎర్ర వెలుగులో చూశాం. తెల్లగా, తడిగా, పింగ్‌పాంగ్ బంతులంత, రెండేసి మూడేసి పడుతున్నాయి. కంటి నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒంట్లో ఉప్పు బయటికి పంపడానికి అని కుర్రాడు చెప్పాడు.

అమ్మ నా చెవిలో అంది: "పుట్టింటికి పురిటికొచ్చిందిరా."

ఆడ తాబేలు తాను పుట్టిన తీరం వైపే గుడ్లకు తిరిగి వస్తుందని నేను ఆమెకు చెప్పలేదు. ఆ మాట నాకే మరునాడు కుర్రాళ్లు చెప్పారు. అమ్మకు ఎలా తెలిసిందని అడిగితే, "ఇంత కష్టపడి ఇంకెక్కడికి పోతుంది?" అంది. మా అమ్మ తన మొదటి కాన్పుకు పాకాల పక్కన పుట్టింటికి ఎడ్లబండిలో పోయిన సంగతి ఆ రాత్రి బండిలో పడుకుని పిల్లలకు మొదటిసారి చెప్పింది. ఇసుక రేవు దగ్గర బండి దిగబడితే ఊరివాళ్లు మోసి ఒడ్డెక్కించారట.

తాబేలు పోయాక గుడ్లను కుర్రాళ్లు గోనెసంచిలో జాగ్రత్తగా ఎత్తారు. కొన్ని గంటల్లోపే మార్చాలి, పైది కిందికి తిప్పకూడదు, తిప్పితే లోపలి పిండం చచ్చిపోతుందట. పిల్లలు వచ్చేదాకా గుడ్లను కాపాడే హేచరీలో అదే లోతున గొయ్యి తవ్వి పెట్టి, తేదీ, గుడ్ల లెక్క 112 అని రాసిన పుల్ల గుచ్చారు. ఇసుక వేడి ఎక్కువుంటే ఆడపిల్లలు, తక్కువుంటే మగపిల్లలు పుడతాయట.

తెల్లారాక చిన్నది సీసాలోని తొండవాడ నీళ్లు సముద్రంలో పోసింది.

పలమనేరు రైడర్ · జనవరి 28, ఉదయం 6:50

రెండుసార్లు చదివాను అన్నా. పోయినేడు మేం మంట వేసింది కూడా జనవరి ఆఖరే. ఆ రాత్రి ఎన్ని వెనక్కి పోయాయో. మా గ్రూపులో ఇది పెట్టాను. ఇద్దరు ఒప్పుకోలేదు, బీచ్ అందరిదీ అంటున్నారు. మిగతా ముగ్గురూ నేనూ వచ్చే నెల కాపలా కుర్రాళ్లతో నడవడానికి పోతాం. జీపులు ఊళ్లోనే పెడతాం. ఏం తీసుకుపోతే వాళ్లకు ఉపయోగం?

గూడబాతు (తిరుపతి) · జనవరి 28, ఉదయం 7:30

రాత్రంతా నడుస్తారు వాళ్లు. మంచి చెప్పులు, ఫ్లాస్కు నిండా టీ. గోనెసంచులు కూడా. ముందు రేంజ్ ఆఫీసులో మాత్రం అడగండి. ఆ ఇద్దరితో వాదించవద్దు తమ్ముడూ, ఒక్కసారి తీసుకురండి.

డీజిల్ అన్న (పాకాల) · జనవరి 28, ఉదయం 9:10

తమ్ముడూ, మీ అమ్మది పాకాల పక్కన ఏ ఊరు? మా నాయన ఆ కాలంలో ఎడ్లబండి తోలేవాడు. ఇసుక రేవులో బండ్లు దిగబడితే మోసింది తనూ తన స్నేహితులే అని చెబుతుండేవాడు. ఊరి పేరు ఇక్కడ వద్దు, నాకు మెసేజ్ పెట్టు.

తొండవాడ వాసి · మార్చి 14, రాత్రి 9:20

కుర్రాళ్లు ఫోన్ చేశారు. మా పుల్ల దగ్గర ఇసుక కుంగుతోందట, ఈ రాత్రో రేపు రాత్రో పిల్లలు పైకి వస్తాయి. తెల్లవారుజామున, ఎండ రాకముందే సముద్రంలోకి వదులుతారు. ఈసారి మోటర్‌హోమ్ లేదు, మామూలు కారే. అమ్మ మధ్యాహ్నం నుంచి నీళ్లు తక్కువ తాగుతోంది, దారిలో ఆపే పని లేకుండా. ఆపుతాను, తాగమ్మా అని చెప్పాను. డీజిల్ అన్నా, మీ నాయనగారిని కూడా తీసుకొస్తానన్నారు కదా, ముందు సీటు ఆయనకే. రాత్రి ఒంటిగంటకు పాకాల వస్తాను, జంక్షన్‌లో ఉండండి. టార్చికి ఎర్ర కాగితం నా దగ్గర ఉంది.